పిన్‌బాల్ యంత్రంలో బంతిని గుర్తించని స్విచ్‌లు: ముందు సరిచేయండి, తర్వాతే మార్చండి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. న్యూజెర్సీలో మీరు కొన్న 1990 నాటి విలియమ్స్ ఫన్‌హౌస్ యంత్రంలో మూడు లోపాలు కనిపిస్తున్నాయి. మొదటిది, కుడివైపు ఇన్‌లేన్‌లో, అంటే బంతిని ఫ్లిప్పర్ (ఆటగాడు బొత్తంతో ఆడించే, బంతిని కొట్టే మీట) దగ్గరికి చేర్చే సన్నని దారిలో, బంతి నెమ్మదిగా దొర్లితే పాయింట్లు పడుతున్నాయి, వేగంగా వస్తే పడటం లేదు. రెండోది, బంతి కిందికి జారిపోయాక కొన్నిసార్లు కొత్త బంతి బయటికి రాకపోగా, కాసేపటికి యంత్రం కాయిల్స్ (కరెంటుతో బంతిని తన్నే భాగాలను నడిపే తీగచుట్టలు) అన్నింటినీ టకటకా కొట్టిన తర్వాతే వస్తోంది. మూడోది, ఎడమ స్లింగ్‌షాట్ (ఫ్లిప్పర్ పైన ఉండి, రబ్బరుతో బంతిని పక్కకు ఎగరగొట్టే ముక్కోణపు భాగం) బంతి తగలకపోయినా తనంతట తానే కొడుతోంది. అమ్మినవారు మొత్తం స్విచ్‌లన్నీ కొత్తవి కొని మార్చేయమన్నారు, అలా చేయవచ్చా అని అడిగారు.

చేయవద్దు. మీరు చెప్పిన మూడు లక్షణాల్లో స్విచ్ నిజంగా చెడిపోయిన సందర్భం బహుశా ఒక్కటే ఉంటుంది, అది కూడా ఉండకపోవచ్చు. మిగిలినవి స్థానం తప్పినవి, మురికి పట్టినవి, లేదా స్విచ్‌తో సంబంధం లేని కారణం వల్ల పనిచేయనివి. పనిచేస్తున్న స్విచ్‌లను విప్పి కొత్తవి టంకం వేసే క్రమంలో తెగే తీగలు, తిరగబడే డయోడ్లు (కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే చిన్న భాగాలు) ఇప్పుడున్న మూడు లోపాలను పదికి పెంచగలవు. అందుకే లోపం ఎక్కడుందో నిర్ధారించి, సరిచేసి చూసి, అప్పటికీ కుదరకపోతేనే మార్చాలి. ఈ వరుస తప్పవద్దని నా గట్టి సలహా.

మీ యంత్రంలో బంతిని పసిగట్టే స్విచ్‌లు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం మైక్రోస్విచ్: చిన్న ప్లాస్టిక్ పెట్టె, దానిమీద వంపు తిరిగిన సన్నని తీగ. ఇన్‌లేన్‌లు, అవుట్‌లేన్‌లు (బంతి కిందికి జారిపోయే పక్కదారులు), ప్లంజర్ దారి (కొత్త బంతిని ఆటలోకి వదిలే దారి), బంతులు నిలిచే ట్రఫ్ వంటి చోట్ల బంతి ఈ తీగను నొక్కుతుంది, లోపల టిక్ మంటుంది. రెండో రకం లీఫ్ స్విచ్: పక్కపక్కన నిలబడిన రెండు లోహపు రేకులు, వాటి చివర ఎదురెదురుగా చిన్న కంటాక్టులు. స్లింగ్‌షాట్లు, నిలువు టార్గెట్లు, జెట్ బంపర్లు (బంతి తగిలితే దాన్ని వెనక్కి తన్నే గుండ్రని స్తంభాలు) వీటితో పనిచేస్తాయి. లీఫ్ స్విచ్ అంతా కళ్లకు కనిపిస్తుంది కాబట్టి దాన్ని శుభ్రం చేయవచ్చు, వంచవచ్చు. మైక్రోస్విచ్‌లో మన చేతికి అందేది పైనున్న తీగ మాత్రమే. లోపలి భాగం పాడైతే విప్పి బాగుచేసే ప్రయత్నం వ్యర్థం, దాన్ని మార్చడమే మార్గం.

నిర్ధారణకు కావలసిన సాధనం యంత్రంలోనే ఉంది. 1990 నుంచి 1999 వరకు విలియమ్స్, బాలీ పేర్లతో వచ్చిన డబ్ల్యూపీసీ (ఆ కాలపు విలియమ్స్ నియంత్రణ వ్యవస్థ) తరం యంత్రాలన్నింటిలోనూ నాణేల తలుపు లోపల నాలుగు బొత్తాలుంటాయి. వాటితో టెస్ట్ మెనూలోకి వెళితే టి.1 అనే పరీక్ష స్విచ్ తెరుచుకున్న ప్రతిసారీ, మూసుకున్న ప్రతిసారీ దాని పేరు చూపిస్తుంది, టి.2 ఆ క్షణంలో ఏయే స్విచ్‌లు మూసుకుని ఉన్నాయో చూపిస్తుంది. ఆట మొదలుపెట్టక ముందు క్రెడిట్ల సంఖ్య పక్కన ఒక చుక్క కనిపిస్తే, యంత్రం తానే ఏదో లోపాన్ని గమనించి టెస్ట్ రిపోర్టులో రాసుకుందని అర్థం. ఆ రిపోర్టును ముందు చదవండి. అయితే దాన్ని పూర్తిగా నమ్మకండి. చాలా ఆటలపాటు ఒక్కసారి కూడా మూసుకోని స్విచ్‌ను యంత్రం చెడిపోయినదిగా లెక్కిస్తుంది కాబట్టి, ఆటగాళ్లు ఎప్పుడూ కొట్టలేని కష్టమైన టార్గెట్ కూడా ఆ జాబితాలోకి ఎక్కుతుంది. పదిసార్లకు నాలుగుసార్లు తప్పే మీ ఇన్‌లేన్ స్విచ్ మాత్రం అందులో కనిపించకపోవచ్చు.

పరీక్షను వేలితో చేయకండి, బంతితో చేయండి. వేలు తీగను ఎంత లోతుకైనా, ఎంతసేపైనా నొక్కగలదు. బంతికి ఆ వెసులుబాటు లేదు. ప్రామాణిక బంతి వ్యాసం సుమారు 27 మి.మీ., బరువు సుమారు 80 గ్రాములు. ఆ బరువుతో, ఆ గుండ్రదనంతో, అది సహజంగా వచ్చే దిక్కునుంచి దొర్లినప్పుడు స్విచ్ పలకాలి. అద్దం తీసి, టి.1 పెట్టి, బంతిని ఒకసారి నెమ్మదిగా, ఒకసారి వేగంగా, ఒకసారి దారి ఎడమ అంచును రాసుకుంటూ, ఒకసారి కుడి అంచును రాసుకుంటూ వదిలి చూడండి. ఏ తీరులో తప్పుతోందో తెలిస్తే సగం పని అయినట్టే.

చేతులు పెట్టే ముందు జాగ్రత్తలు చెప్పాలి. ట్రఫ్‌లోని బంతులు మూడూ తీసేయండి. అవి లోపలుండగా ప్లేఫీల్డ్ (బంతి దొర్లే చెక్క పలక) ఎత్తితే దొర్లిపడి ర్యాంపుల ప్లాస్టిక్‌ను పగలగొడతాయి. ఏ లోహపు పనిముట్టుతో తాకాలన్నా ముందు కరెంటు ఆపి ప్లగ్ తీయండి. కాయిల్స్‌కు అందే డీసీ వోల్టేజి కొలిస్తే 70 వోల్టుల దాకా ఉంటుంది, స్విచ్‌ల వలయం మాత్రం 12 వోల్టులది. పట్టకారు జారి కాయిల్ కొసనూ స్విచ్ కొసనూ కలిపితే ఆ ఒక్క క్షణంలో సీపీయూ బోర్డు (యంత్రాన్ని నడిపే కంప్యూటర్ బోర్డు) మీది స్విచ్ చిప్‌లు మాడిపోతాయి. కరెంటు ఉండగా కింది వైపునుంచి స్విచ్‌ను కదిపి చూడవలసి వస్తే ఎండిన చెక్కపుల్లనో ప్లాస్టిక్ కడ్డీనో వాడండి.

ఇక కుడి ఇన్‌లేన్. నెమ్మదిగా వెళ్లే బంతిని గుర్తించి, వేగంగా వెళ్లేదాన్ని వదిలేస్తోందంటే విద్యుత్ మార్గం బాగానే ఉందన్నమాట. లోపం తీగ ఎత్తులోనో, స్థానంలోనో ఉంది. సెకనుకు 2 మీటర్ల వేగంతో పోయే బంతి 10 మి.మీ. దూరాన్ని 5 మిల్లీసెకన్లలో దాటుతుంది. తీగ కిందికి కుంగిపోయి, దాని కొన మాత్రమే ప్లేఫీల్డ్ పైకి కనిపిస్తుంటే, ఆ కొద్ది సమయంలో కూడా చివరి భాగంలోనే స్విచ్ మూసుకుంటుంది, యంత్రం చదివేలోపే తెరుచుకుంటుంది. ఇందుకు మందు, తీగ దిగే ప్రయాణంలో స్విచ్ తొందరగా పలికేలా చూడటం. తీగను వేలితో మెల్లగా నొక్కుతూ చెవి దగ్గర పెట్టి వినండి. సగం దూరం దిగేలోపు టిక్ మనాలి, ఆ తర్వాత ఇంకొంత దిగడానికి చోటుండాలి, వదిలిన వెంటనే ఎక్కడా పట్టేయకుండా పైకి లేచి రెండో టిక్ వినిపించాలి.

తీగ వంచడం చివరి చర్య. ముందు స్విచ్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ స్క్రూలు చూడండి. ఏళ్ల తరబడి అదురుకు అవి వదులై, స్విచ్ పక్కకు జరిగి, తీగ గాడి అంచును రాసుకుంటూ ఉండటం నేను చూసిన యంత్రాల్లో అన్నిటికంటే మామూలు కారణం. బ్రాకెట్ వదులుచేసి, తీగ గాడికి సరిగ్గా మధ్యలో నిలిచేలా జరిపి, తిరిగి బిగించండి. స్విచ్ ఒంట్లోంచి దూరే రెండు సన్నని స్క్రూలను మాత్రం గట్టిగా బిగించకండి. ప్లాస్టిక్ నొక్కుకుపోయి లోపలి మీట ఇరుక్కుంటుంది, అప్పటిదాకా బాగున్న స్విచ్ పలకడం మానేస్తుంది. కొత్త స్విచ్ వేసినా పనిచేయలేదని చాలామంది వాపోయేది ఈ కారణం వల్లనే. ఇవన్నీ చూశాక కూడా తీగ తక్కువ ఎత్తులోనే ఉంటే అప్పుడు వంచండి: స్విచ్ దగ్గర తీగ మొదలును ఒక నోస్ ప్లయర్‌తో కదలకుండా పట్టుకుని, దానికి అవతల భాగాన్ని మరో ప్లయర్‌తో కొంచెం పైకి తిప్పండి. మొదలును పట్టుకోకుండా కొనను లాగితే ఆ బలమంతా స్విచ్ లోపలి ఇరుసు మీద పడుతుంది. ఒక్కసారే ఎక్కువగా వంచి, వెనక్కి తెచ్చి, మళ్లీ వంచితే తీగ అలసి విరుగుతుంది. కొంచెం వంచడం, బంతితో పరీక్షించడం, అవసరమైతే మళ్లీ కొంచెం వంచడం పద్ధతి.

తనంతట తాను కొట్టే స్లింగ్‌షాట్ విషయంలో స్విచ్ జోలికి వెళ్లక ముందు దాని రబ్బరును చూడండి. పాతబడి సాగిన రబ్బరు లోపలికి కుంగి లీఫ్ స్విచ్ ముందు రేకును ఎప్పుడూ నొక్కుతూ ఉంటుంది. అప్పుడు రేకుల మధ్య ఎడం తగ్గిపోయి, పక్కనున్న మరో కాయిల్ కొట్టిన అదురుకే కంటాక్టులు కలుస్తాయి. పాత రబ్బరుకు సరిపోయేలా స్విచ్‌ను వంచి, ఆ తర్వాత కొత్త రబ్బరు వేస్తే మొత్తం పని మళ్లీ మొదటికి వస్తుంది. కాబట్టి రబ్బరు మార్చాకే ఎడం చూడాలి. ఇలాంటి లోపాన్ని రుజువు చేసుకోవడం సులభం. టి.1 పెట్టి స్లింగ్‌షాట్ పక్కన ప్లేఫీల్డ్ మీద అరచేతితో చరచండి. చరిచినప్పుడల్లా తెర మీద ఎడమ స్లింగ్‌షాట్ పేరు కనిపిస్తే ఎడం చాలడం లేదని తేలిపోయినట్టే.

సరిచేసేటప్పుడు, రేకులనూ వాటి మధ్యనున్న ఇన్సులేటర్లనూ కలిపి పట్టుకునే రెండు స్క్రూలను ముందుగా బిగించండి. ఆ కట్ట వదులుగా ఉండగా ఎంత చక్కగా వంచినా, ఆ తర్వాత బిగించినప్పుడు అంతా మారిపోతుంది. లీఫ్ స్విచ్ వంచడానికి కొసన గాడి ఉన్న ప్రత్యేకమైన చిన్న పనిముట్టు దొరుకుతుంది. దానితో రేకును మొదట్లోనే, కట్టనుంచి బయటికి వచ్చే చోటనే వంచాలి. మధ్యలో వంచిన రేకు గూని పడుతుంది, కంటాక్టులు ఎదురెదురుగా కాక ఏటవాలుగా తగులుతాయి. రబ్బరుకు ఆనే పొడవాటి రేకును వీలైనంతవరకు నిటారుగా వదిలి, వెనక ఉన్న పొట్టి రేకును వంచి ఎడం సరిచేయడం నా అలవాటు. సుమారు 1.5 మి.మీ. ఎడంతో మొదలుపెట్టండి. కంటాక్టులు కలిశాక ముందు రేకు మరికొంచెం ముందుకు వెళ్లి వెనక రేకును కూడా కాస్త నెట్టాలి. ఆ చిన్న ఒరిపిడి వల్లనే కంటాక్టులు తమను తాము శుభ్రం చేసుకుంటాయి. ఒక్కో స్లింగ్‌షాట్‌కు రెండు లీఫ్ స్విచ్‌లుంటాయి, రెండింటినీ సమానంగా పెట్టండి. ఒకటి మాత్రమే సరిచేస్తే స్లింగ్‌షాట్ ఒక కొసన చురుగ్గా, మరో కొసన మందంగా ఉంటుంది.

శుభ్రం చేయడంలో ఒక హెచ్చరిక. ఈ లీఫ్ స్విచ్‌ల కంటాక్టుల మీద బంగారు పూత ఉంటుంది. ఆకురాయి, గరుకు కాగితం తగిలిస్తే ఆ పూత పోయి, కొన్నాళ్లు బాగానే పనిచేసినట్టు కనిపించి, తర్వాత శాశ్వతంగా మొరాయిస్తుంది. విజిటింగ్ కార్డును సన్నని ముక్కగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, కంటాక్టుల మధ్య పెట్టి, రేకులను మెల్లగా నొక్కుతూ రెండు మూడుసార్లు లాగండి. తర్వాత పొడి ముక్కతో ఒకసారి లాగితే చాలు. దీనికి మీ యంత్రంలో ఉన్న మినహాయింపు ఫ్లిప్పర్ చివరి దశలో తెరుచుకునే స్విచ్. అది కాయిల్ కరెంటును నేరుగా మోస్తుంది, దాని కంటాక్టులు టంగ్‌స్టన్‌వి, వాటిని సన్నని ఆకురాయితో రాయవచ్చు. 1992 నుంచి వచ్చిన ఫ్లిప్‌ట్రానిక్స్ (ఫ్లిప్పర్లను ఎలక్ట్రానిక్ బోర్డు ద్వారా నడిపే) యంత్రాల్లో ఆ స్విచ్ కూడా తక్కువ కరెంటుదే కాబట్టి అక్కడ ఆకురాయి పనికిరాదు.

బంతి బయటికి రాకపోవడం మూడింటిలోకీ ఆలోచించవలసిన విషయం. మీ యంత్రంలో జారిపోయిన బంతి ముందు అవుట్‌హోల్‌లో పడుతుంది. అక్కడి కాయిల్ దాన్ని ట్రఫ్‌లోకి తంతుంది. ట్రఫ్‌లో వరుసగా మూడు మైక్రోస్విచ్‌లు, ఒక్కో బంతికి ఒక్కోటి. వాటిని లెక్కపెట్టే యంత్రం ఆటలో ఎన్ని బంతులున్నాయో తెలుసుకుంటుంది. మూడింట్లో ఒకటి పలకకపోతే, బంతి ఎక్కడో చిక్కుకుందని యంత్రం భావించి, కొంతసేపు ఏ స్విచ్ నుంచీ కబురు రాకపోతే దాన్ని వదిలించడానికి కాయిల్స్ అన్నీ కొడుతుంది. ఆ అదురుకు బంతి కదిలి స్విచ్ మీద సరిగ్గా కూర్చుంటుంది, ఆట ముందుకు సాగుతుంది. మీరు చూస్తున్నది అచ్చంగా ఇదే.

టి.2 పెట్టి ట్రఫ్‌లో ఒక బంతి, తర్వాత రెండు, తర్వాత మూడు వేస్తూ ప్రతిసారీ సరైన స్విచ్ మూసుకున్నట్టు చూపుతోందో లేదో గమనించండి. ప్రతి దశలోనూ ప్లేఫీల్డ్ మీద మెల్లగా తట్టండి. చూపు మినుకు మినుకుమంటే ఆ స్విచ్ అంచు మీద నిలబడి ఉందని అర్థం. ఇక్కడ కూడా స్విచ్‌ను అనుమానించే ముందు ట్రఫ్ నేలను వేలితో తడమండి. మూడు దశాబ్దాలు ఉక్కు బంతులు అదే చోట పడి ఆగడం వల్ల లోహంలో చిన్న చిన్న గుంటలు పడతాయి. బంతి ఆ గుంటలో ఆగిపోయి, స్విచ్ తీగకు రెండు మిల్లీమీటర్ల ఇవతలే నిలిచిపోతుంది. అలాంటప్పుడు కొత్త స్విచ్ వేసినా లోపం అలాగే ఉంటుంది. గుంటల అంచులను నునుపు చేసి, ట్రఫ్‌లో పేరుకున్న నల్లటి దుమ్ము తుడిచి, బంతులు మచ్చలు పడి ఉంటే వాటినీ మార్చండి. బంతులకు అయస్కాంత గుణం అంటుకుందేమో కూడా చూడండి, ఒకదానికొకటి అతుక్కునే బంతులు ట్రఫ్‌లో సాఫీగా దొర్లవు. ఇవన్నీ బాగుండి, తీగ ఎత్తు సరిపోయి, టిక్ శబ్దం స్పష్టంగా వినిపిస్తున్నా తెర మీద పేరు రాకపోతే, అప్పుడు స్విచ్‌నూ దాని డయోడ్‌నూ అనుమానించండి. మీ మూడు లోపాల్లో నిజంగా మార్చవలసిన స్విచ్ ఉంటే అది ట్రఫ్‌లోనే దొరుకుతుందని నా అంచనా.

డయోడ్ ఎందుకుందో తెలియకుండా మార్చవద్దు కాబట్టి కాస్త వివరిస్తాను. ఈ యంత్రాల్లో ప్రతి స్విచ్‌కూ విడివిడిగా తీగ వెళ్లదు. 8 నిలువు వరుసలు, 8 అడ్డ వరుసలు కలిసే 64 కూడళ్లలో స్విచ్‌లుంటాయి. సీపీయూ బోర్డు నిలువు వరుసలను ఒకదాని తర్వాత ఒకటిగా తట్టి లేపుతూ, అడ్డ వరుసల్లో ఎవరు పలికారో చదువుతుంది. స్విచ్ సంఖ్యలో మొదటి అంకె నిలువు వరుస, రెండోది అడ్డ వరుస. ఉదాహరణకు 35, 36, 45 అనే మూడు కూడళ్లలో స్విచ్‌లు ఒకేసారి మూసుకున్నాయనుకుందాం. 46 తెరిచే ఉంది. యంత్రం నాలుగో నిలువు వరుసను చదివేటప్పుడు కరెంటు ఆరో అడ్డ వరుస నుంచి 36 గుండా మూడో నిలువు వరుసకు, అక్కడినుంచి 35 గుండా వెనక్కి ఐదో అడ్డ వరుసకు, ఆపై 45 గుండా నాలుగో నిలువు వరుసకు చేరే ప్రయత్నం చేస్తుంది. ఈ దొంగదారిలో కరెంటు ఎదురు నడవవలసింది 35 దగ్గర ఒక్కచోటే, దాన్ని అడ్డుకునేది 35 డయోడ్. అది షార్ట్ అయితే (రెండు దిక్కులా కరెంటును వదిలితే) యంత్రానికి 46 మూసుకున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ఎవరూ తాకని స్విచ్ మల్టీబాల్ (ఒకేసారి ఒకటి కంటే ఎక్కువ బంతులతో ఆడే) సమయంలో మాత్రమే పలుకుతుంటే ఆ స్విచ్‌ను విప్పవద్దు. ఆ సమయంలో మూసుకుని ఉన్న స్విచ్‌లలో, నిలువు అడ్డ వరుసల పట్టికలో దానికి మూలకు మూలగా ఉన్న కూడలి డయోడ్‌ను కొలవండి. డయోడ్ ఒక కాలు విడదీసి మల్టీమీటర్‌తో చూస్తే, ఒక దిక్కున 0.5 నుంచి 0.7 వోల్టులు, రెండో దిక్కున ఏమీ చూపకూడదు. కాలు విడదీయకుండా కొలిస్తే స్విచ్ లోపలి మార్గం వల్ల తప్పు లెక్క రావచ్చు.

మార్చవలసి వస్తే, పాత స్విచ్ రకాన్నీ, తీగ ఆకారాన్నీ చూసి సరిగ్గా అలాంటిదే తెప్పించండి. తీగ వంపు వేరైతే దాన్ని సరిపెట్టడానికి పడే శ్రమ కంటే సరైనది తెప్పించుకోవడమే నయం. విప్పక ముందు దగ్గరినుంచి ఫోటో తీయండి. ఆకుపచ్చ తీగలు నిలువు వరుసవి, తెల్ల తీగలు అడ్డ వరుసవి. వాటి మీది రంగు చార ఏ వరుసో చెబుతుంది. ఒకే కొసకు రెండు తీగలు ఉండటం మామూలే, ఒకటి ముందు స్విచ్ నుంచి వచ్చేది, మరొకటి తర్వాతి స్విచ్‌కు పోయేది. రెండింట్లో ఒకదాన్ని వదిలేస్తే అక్కడినుంచి అవతలి స్విచ్‌లన్నీ మూగబోతాయి. డయోడ్ 1ఎన్4004 రకం చాలు. కరెంటు అడ్డ వరుస నుంచి నిలువు వరుసకు పారుతుంది కాబట్టి డయోడ్ మీద గీత ఉన్న కొస ఆకుపచ్చ తీగ వైపు ఉండాలి. మీరు తీసిన ఫోటోతోనూ, పక్కన పనిచేస్తున్న స్విచ్‌తోనూ పోల్చి చూసుకోండి. రోజిన్ ఉన్న 60/40 సోల్డర్ వాడి, కొసను క్షణాల్లో వేడిచేసి వదలండి. ఎక్కువసేపు వేడి తగిలితే స్విచ్ ప్లాస్టిక్ మెత్తబడి కొస పక్కకు ఒరుగుతుంది.

ఒక స్విచ్ కాకుండా వరుస మొత్తం పలకకపోతే ప్లేఫీల్డ్ వదిలి వెనక పెట్టెలోని సీపీయూ బోర్డు చూడాలి. డబ్ల్యూపీసీ యంత్రాల్లో 24వ సంఖ్య స్విచ్ ఎప్పుడూ మూసుకునే ఉండేలా పెట్టారు. టి.2లో అది మూసుకున్నట్టు కనిపించకపోతే రెండో నిలువు వరుసలోనో, నాలుగో అడ్డ వరుసలోనో మార్గం తెగింది. బోర్డు మీద జె206, జె207 కనెక్టర్లు నిలువు వరుసలవి, జె208, జె209 అడ్డ వరుసలవి. వాటిని తీసి, ఒక డయోడ్ ఉన్న తీగతో పిన్‌లను నేరుగా కలిపినప్పుడు టి.1 సరిగ్గా పలికితే బోర్డు మంచిది, లోపం తీగల్లో ఉంది. పలకకపోతే నిలువు వరుసలను నడిపే యూఎల్ఎన్2803, అడ్డ వరుసలను చదివే ఎల్ఎం339 చిప్‌లను అనుమానించాలి. అదే బోర్డు మీదున్న మూడు ఏఏ బ్యాటరీలను ఈ రోజే చూడండి. అవి కారితే ఆ ద్రవం కిందనున్న స్విచ్ చిప్‌ల మీదికే పారి రాగి దారులను తినేస్తుంది. ఈ తరం యంత్రాలు పాడవడానికి నేను చూసిన ముఖ్య కారణం అదే, చాలా బాధపెట్టే కారణం కూడా. మీ లోపాలకు దానితో సంబంధం లేకపోయినా బ్యాటరీలు మాత్రం మార్చేయండి.

ఇదే సమస్యతో ఇంకా కొత్త యంత్రాలున్నవారు చదువుతుంటే వారికి ఒక మాట. తర్వాతి యంత్రాల ట్రఫ్‌లలో మైక్రోస్విచ్‌లకు బదులు పరారుణ కిరణంతో పనిచేసే ఆప్టోలు వచ్చాయి. వాటిలో కిరణం పంపే భాగమే ఎక్కువగా పాడవుతుంది. ఫోన్ కెమెరా గుండా చూస్తే వెలిగే ఆప్టో ఊదారంగులో మెరుస్తుంది, మెరవకపోతే దాన్నే అనుమానించవచ్చు. మెరిసినా బంతుల లెక్క తప్పుతుంటే బోర్డు మీది టంకాలు చూడండి. బంతిని తన్నే కాయిల్ అదురుకు అవి సన్నగా పగులుతాయి, కొత్త సోల్డర్‌తో మళ్లీ అతికితే సరిపోతుంది. అలాగే 1970ల చివర, 1980ల మొదట వచ్చిన బాలీ యంత్రాల్లో కొన్ని స్విచ్‌లకు చిన్న కెపాసిటర్ కూడా ఉంటుంది. అది షార్ట్ అయితే స్విచ్ ఎప్పుడూ మూసుకున్నట్టు కనిపిస్తుంది కాబట్టి, స్విచ్ మార్చక ముందు దాన్ని విడదీసి చూడాలి.

మీరు ప్రస్తుతం కొనవలసినవి: స్లింగ్‌షాట్ రబ్బర్లు, మూడు కొత్త బంతులు, లీఫ్ స్విచ్ వంచే పనిముట్టు, మూడు ఏఏ బ్యాటరీలు, ట్రఫ్‌కు సరిపోయే మైక్రోస్విచ్ ఒక్కటి, నాలుగైదు డయోడ్లు. రబ్బరు, బంతులు మార్చి, ట్రఫ్ శుభ్రం చేసి, ఇన్‌లేన్ తీగ సరిచేశాక టి.2లో ట్రఫ్ పరీక్ష మళ్లీ చేయండి. మూడు స్విచ్‌లలో ఏదైనా అప్పటికీ తడబడుతుంటే దాని సంఖ్య, కొసల ఫోటో పెట్టండి. డయోడ్ దిక్కు చూసి చెబుతాను.